కంటి కావడి

*బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలో తేల్చేది స్కేలు కాదు, చూసే కన్ను. ఫ్లెక్సీ నుంచి ఫస్ట్‌లుక్ దాకా మన చుట్టూ బొమ్మలు పెరిగిపోతున్నాయి. వాటిలో తూకం ఎందుకు తప్పుతోంది?*

రాత్రి పది దాటింది. మండల కేంద్రంలోని ఫ్లెక్సీ షాపులో షట్టర్ సగం దించి ఉంది. కంప్యూటర్ ముందు కుర్రాడు, అతని వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. తెల్లారితే నాయకుడి పుట్టినరోజు. తెర మీద ఆయన నిలువెత్తు ఫొటో, పైన వరసగా పెద్ద నాయకుల గుండ్రటి ఫొటోలు, కింద రెండు వరసల్లో శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ముఖాలు. “తమ్ముడూ, మా బావమరిది ఫొటో రాలేదు. ఆ మూల ఖాళీగానే ఉందిగా, అక్కడ పెట్టు.” “అక్కడ పెడితే అన్న చెయ్యి కప్పేస్తదన్నా.” “చిన్నది చేసి పెట్టరాదా! డబ్బులు మొత్తం జాగాకీ ఇస్తున్నాం, ఖాళీ ఎందుకు వదలాలి?” కుర్రాడి చెయ్యి మౌస్ మీద ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత ఆ మూలలో ఇంకో ముఖం వచ్చి చేరుతుంది. తెల్లారాక అదే ఫ్లెక్సీ చౌరస్తాలో లేస్తుంది. బస్సులో వెళ్లేవాళ్ల చూపు దాని మీద పడుతుంది. అందులో ముప్ఫై ముఖాలు ఉన్నా చూపు ఏ ఒక్కదాని మీదా ఆగదు.

ఈ ఇబ్బంది ఒక్క ఫ్లెక్సీలదే అనుకోవడానికి లేదు. పెద్ద సినిమా ఫస్ట్‌లుక్ విడుదలైన కాసేపటికే, టైటిల్ అక్కడ ఎందుకు పెట్టారు, హీరోని ఆ పక్కకు ఎందుకు నెట్టారు అని అభిమానులు వాదించుకుంటున్నారు. శుభలేఖలు ఫోన్లలోనే తయారవుతున్నాయి. నాలుగు మాటలు టైపు చేస్తే ఏఐ బొమ్మ గీసి పెడుతోంది. ఒకప్పుడు ఆర్టిస్టులు మాత్రమే తీసుకున్న నిర్ణయాలను ఇప్పుడు ఫోను చేతిలో ఉన్న ప్రతివాళ్లూ రోజూ తీసుకుంటున్నారు. ‘ఏదో తేడాగా ఉంది’ అని అందరికీ తెలుస్తూనే ఉంటుంది, అదేమిటో చెప్పడానికే మాట దొరకదు. చాలాసార్లు ఆ తేడా సమతూకంలో ఉంటుంది. సమతూకం అనగానే రెండు పక్కలా సమానంగా సర్దడమే అనే అపోహ మనలో బలంగా పాతుకుపోయింది. ఈ కథనం దానితో విభేదిస్తోంది. బొమ్మలో తూకం వేసేది చూసేవాళ్ల కన్ను. ఆ తూకంలో రంగుకూ ఆకారానికీ ఉన్నట్టే ఖాళీకీ బరువుంటుంది, చూపుకీ బరువుంటుంది. ఆ రెంటినీ లెక్కలోంచి తీసేయడం వల్లే మన వీధుల్లోని బొమ్మలు కంటికి భారంగా మారాయి.

నల్లబిళ్ల ఎటు లాగుతుంది?

తెల్ల కాగితం మీద ఒక చదరం గీసి అందులో నల్లటి బిళ్ల పెట్టండి, సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త పక్కగా. కాగితం మీద ఏదీ కదలదు. అయినా ఆ బిళ్ల మధ్యకు రావాలని చూస్తున్నట్టో, దగ్గరి అంచు దాన్ని లాక్కుంటున్నట్టో అనిపిస్తుంది. బెర్లిన్‌లో పుట్టి, నాజీల కాలంలో జర్మనీ వదిలి అమెరికా చేరిన మనస్తత్వ శాస్త్రవేత్త రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్, 1954లో వచ్చిన ‘ఆర్ట్ అండ్ విజువల్ పర్సెప్షన్’ను ఈ చదరంతోనే మొదలుపెట్టాడు. ఆ పుస్తకంలో మొదటి అధ్యాయమే సమతూకం గురించి. గీసిన గీతల్లో లేని లాగుడు కంటికి అనుభవంలోకి వస్తోందంటే చూపు అనేది కెమెరా పనిలా ఊరికే పట్టుకోవడం కాదని, చూస్తున్నప్పుడే మెదడు బరువులు తూస్తూ ఉంటుందని ఆయన వాదించాడు.

ఆ తూకం ఎలా సాగుతుందో కావడి మోసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రెండు కుండలూ నిండుగా ఉంటే బద్ద నడుమభాగం భుజం మీద ఉంటుంది. ఒక కుండ నిండుగా ఉండి రెండోది సగమే ఉంటే మోసేవాడు బద్దను జరుపుకుంటాడు. బరువు కుండ భుజానికి దగ్గరగా వస్తుంది, తేలిక కుండ దూరం జరుగుతుంది, కావడి మళ్లీ కుదురుకుంటుంది. బొమ్మలోనూ మధ్యకు దగ్గరగా ఉన్న పెద్ద ఆకారాన్ని, అంచు దగ్గర ఒంటరిగా ఉన్న చిన్న ఆకారం నిలబెట్టగలదు. పరిమాణం ఒక్కటే బరువు కాదు మరి. పక్కన నీలం ఉంటే ఎరుపు బరువెక్కుతుంది. గుంపులో ఉన్నదాని కంటే విడిగా ఉన్నది బరువు. కింద ఉన్నదాని కంటే పైన ఉన్నది బరువు, అందుకే పైభాగంలో చిన్న పక్షిని గీసినా కింద కొండంత ఆధారం కావాలనిపిస్తుంది. వీటన్నిటి కంటే బరువైనది మనిషి ముఖం. బొమ్మలో ఎంత మూలన ఉన్నా, ఎంత చిన్నగా ఉన్నా కన్ను ముందు ముఖాన్నే వెతుక్కుంటుంది. ఆ ముఖంలో కళ్లు ఎటు చూస్తుంటే అటువైపు ఖాళీకి కూడా బరువు వచ్చి చేరుతుంది. ఫ్లెక్సీల కథ అర్థం కావాలంటే ఈ చివరి సంగతి గుర్తుండాలి.

> ఎనిమిది తలకిందులైతే
> అచ్చులో ఉన్న 8 అంకెను చూస్తే రెండు సున్నాలూ సమానంగానే అనిపిస్తాయి. కాగితాన్ని తలకిందులు చేస్తే, చాలా అచ్చు అక్షరాల్లో కింది సున్నా పెద్దదని తెలిసిపోతుంది. పైభాగం కంటికి ఎక్కువ బరువుగా తోస్తుంది కనుక అక్షరం గీసేవాళ్లు పైసున్నాను కొద్దిగా తగ్గిస్తారు. ఫొటోకు ఫ్రేము కట్టేవాళ్లు చుట్టూ అట్ట పెట్టినప్పుడు కింది పట్టీని కాస్త వెడల్పుగా ఉంచడానికి కారణం కూడా ఇదే. కంటికి మధ్య అనిపించే చోటు, టేపు చూపించే మధ్య కంటే కొంచెం పైన ఉంటుంది.

నేల మీద ముగ్గు, గోడ మీద బొమ్మ

రెండు పక్కలూ ఒకేలా ఉండే సౌష్ఠవాన్ని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. అది ఎంత గొప్పగా పండగలదో సంక్రాంతి నెలలో తెలుగు వాకిళ్లు చూస్తే తెలుస్తుంది. ‘పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందు చుక్క’ అన్న ఒక్క ముక్కలో ఒక పూర్తి నిర్మాణం ఇమిడి ఉంది. నడుమ వరసలో 15, దానికి రెండువైపులా 14, 13 అంటూ 8 దాకా తగ్గుతూ పోతే మొత్తం 169 చుక్కలు, ఆరు పక్కలున్న ఆకారంలో నిలుస్తాయి. ఆ చుక్కల మీద వేసిన పువ్వును ఆరింట ఒక వంతు తిప్పినా అదే పువ్వు. ఏ సూత్రమూ చదవకుండా, వేళ్ల సందున జారే పిండితో వంగి వేసే ఆడవాళ్లు ఈ లెక్కను తరతరాలుగా తప్పకుండా వేస్తున్నారు.

అయితే ముగ్గు అలా ఉండటానికి ఒక కారణం ఉంది, దాన్ని మనం సాధారణంగా పట్టించుకోం. ముగ్గు నేల మీద ఉంటుంది. ఇంట్లోంచి వచ్చేవాళ్లు ఒక పక్క నుంచి, వీధిలో పోయేవాళ్లు ఇంకో పక్క నుంచి, ఎదురింటివాళ్లు మరో పక్క నుంచి చూస్తారు. దానికి పైనా కిందా లేవు. ఏ దిక్కు నుంచి చూసినా నిలవాలంటే బరువు నడుమ నుంచి అన్ని పక్కలకూ సమానంగా పంచుకోవాలి. అదే బొమ్మ గోడ మీదికి ఎక్కితే సంగతి మారిపోతుంది. గోడకు పైనా కిందా ఉన్నాయి, చూసే మనిషికి కుడీ ఎడమా ఉన్నాయి. మిలాన్‌లో లియొనార్డో డావిన్సీ 1490ల చివర్లో గీసిన ‘చివరి విందు’ గోడ మీద సౌష్ఠవానికి పెద్ద ఉదాహరణ. నడుమ క్రీస్తు, చెరోపక్క ఆరుగురు శిష్యులు, ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు. గది గీతలన్నీ క్రీస్తు తల దగ్గరికే చేరతాయి. కానీ ఆ లెక్క లోపల ఒక గుంపూ ఇంకో గుంపులా లేదు. ఒకరు లేస్తారు, ఒకరు వెనక్కి వాలతారు, ఒకరు వేలెత్తుతారు. ఇద్దరు మనుషుల్ని అద్దంలో తిప్పినట్టు గీసి ఉంటే ఆ గోడ నిశ్శబ్దంగా ఉండిపోయేది. చట్రంలో సమానతను ఉంచి, మనుషుల్లో దాన్ని సడలించాడు కాబట్టే ‘మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు’ అన్న మాట పడిన క్షణం అందులో వినిపిస్తుంది.

> రాట్నం పోయి చక్రం ఎందుకు వచ్చింది?
> 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించారు. తర్వాత స్వాతంత్ర్య పోరాటం సాగిన జెండా మీద రాట్నం ఉండేది. 1947 జులై 22న రాజ్యాంగ సభలో ఇప్పటి జెండాను ప్రతిపాదిస్తూ నెహ్రూ ఒక ఆచరణ సమస్య చెప్పారు. రాట్నానికి ఒక కొసన చక్రం, ఇంకో కొసన కదురు ఉంటాయి, జెండా అవతలి వైపు నుంచి చూస్తే అది తిరగబడి కనిపిస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండే గుర్తు కావాలి. అలా 24 ఆకుల అశోక చక్రం నడిమధ్యకు వచ్చింది.
> బంగ్లాదేశ్ జెండాలోని ఎర్ర బింబం మాత్రం నడిమధ్యన ఉండదు. కర్ర వైపు నుంచి పొడవులో 20కి 9 వంతుల దగ్గర ఉంటుంది. గాలిలో ఎగిరినప్పుడు మధ్యలో ఉన్నట్టు కనిపించాలని అలా జరిపారు.

అంచున కూర్చున్న మనిషి

అద్దంలో తిప్పినట్టు లేకుండానే బొమ్మ నిలబడగలదని నమ్మడానికి న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఎడ్గార్ డెగా 1865లో గీసిన చిత్రం ఒకటి ఉంది. కాన్వాస్‌లో ఎక్కువ భాగాన్ని బల్ల మీది పూలగుత్తి ఆక్రమించింది. ఒక స్త్రీ కుడి అంచుకు ఆనుకుని, చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, చట్రం బయటికి ఎటో చూస్తూ కూర్చుంది. కొలతలు చూస్తే అది పువ్వుల బొమ్మ, మనిషి ఒక మూల. అయినా దాని ముందు నిలబడ్డవాళ్లు చూసేది ఆమెనే. అంత పెద్ద పూలగుత్తిని ఆ చిన్న ముఖం మోస్తోంది, ఎందుకంటే ఆమె బద్ద చివరన ఉంది, ఆమె చూపు బద్దను ఇంకా పొడిగిస్తోంది. ఆమెను నడిమధ్యకు తెచ్చి పూలను చెరోపక్కా సర్ది ఉంటే చక్కటి ఫొటో అయ్యేది, ఆమె ఏమాలోచిస్తోందన్న ప్రశ్న మాత్రం మనకు పుట్టేది కాదు.

1831 ప్రాంతంలో జపాన్‌లో హొకుసాయ్ చేసిన కెరటం చెక్క అచ్చు ఇంకా సాహసం. ఎడమ పక్క నుంచి లేచిన కెరటం గోళ్లు చాచి బొమ్మ సగాన్ని కమ్మేస్తుంది. దాని ఎదురుగా, దిగువన, జపనీయులకు పవిత్రమైన ఫుజి పర్వతం ఆవగింజంతై కూర్చుంది. అంత కెరటాన్ని అంత చిన్న కొండ ఎలా ఆపుతోంది? కొండ కదలదు, కెరటం పడబోతోంది. కొండ చుట్టూ ఆకాశం ఖాళీగా ఉంది, అంతా అటే దారి తీస్తోంది. దూరం, ఖాళీ, అర్థం కలిసి ఆ చిన్న ముక్కోణానికి బరువునిచ్చాయి. మనుషులూ కొండలూ లేకుండా రంగుముక్కలతోనే ఇదే పనిని 1930లో పీట్ మాండ్రియన్ చేసి చూపించాడు. కుడి పైభాగంలో చాలా మేర పెద్ద ఎర్ర చదరం, ఎడమ కింద చిన్న నీలం, కుడి కింది మూలన వేలెడంత పసుపు, తక్కినదంతా నల్లగీతల మధ్య తెలుపు. ఆ పసుపును వేలితో కప్పి చూస్తే ఎరుపు ముందుకు తూలుతున్నట్టు ఉంటుంది.

మన చందమామ పాఠకులకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. బేతాళ కథల కోసం శంకర్, అంటే కె.సి. శివశంకరన్, గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో, చేత కత్తితో నడుస్తూ ఉంటాడు. ఒక పక్క వేలాడే ఒంటి బరువును ఇంకో పక్క కత్తి, ముందుకు పడే అడుగు మోస్తాయి. బేతాళుడు నోరు విప్పక ముందే ఆ రాజు కథను అతని నడక చెబుతుంది. తరాల పిల్లలకు ఆ ఒక్క బొమ్మ గుర్తుండిపోవడంలో ఈ తూకం వాటా చిన్నది కాదు.

సగం కాన్వాస్ మాయమైన చిత్రకారుడు

తూకం కాగితం మీద కాక మనలో ఉందనడానికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం స్టూడియోల నుంచి కాక ఆస్పత్రుల నుంచి వచ్చింది. మెదడు కుడి భాగంలో పక్షవాతం వచ్చిన కొందరికి ఎడమవైపు ప్రపంచం ధ్యాసలోంచి జారిపోతుంది. కళ్లు బాగానే ఉంటాయి. పళ్లెంలో కుడి సగం అన్నమే తిని ఇక చాలంటారు. గడియారం గీయమంటే పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే ఇరికిస్తారు. జర్మనీలోని కొలోన్‌లో ఆంటోన్ రేడర్‌షైట్ అనే పేరున్న చిత్రకారుడికి 1967లో, డెబ్భై దాటిన వయసులో ఇదే జరిగింది. ఆయన మానకుండా తన ముఖాన్ని తానే గీసుకుంటూ వెళ్లాడు. మొదట్లో గీసిన వాటిలో ఎడమ సగం దాదాపు ఖాళీ. నెలలు గడిచేకొద్దీ గీతలు మెల్లగా ఎడమకు పాకాయి, ముఖానికి రెండో చెంప తిరిగివచ్చింది. ఆయన 1970లో కన్నుమూశాడు, కానీ ఆ ముఖాల వరస వైద్యులు ఈనాటికీ చూపించే దాఖలాగా నిలిచింది. 1993లో చివరి జబ్బుకు ముందు ఇటలీ దర్శకుడు ఫెడెరికో ఫెలినీకి కూడా ఇలాంటి పక్షవాతమే వచ్చింది. యవ్వనంలో కార్టూన్లు గీసి బతికిన ఆయన, ఆస్పత్రి మంచం మీద గీసిన బొమ్మలు కాగితం కుడిపక్కకు చేరిపోయాయి.

ఒక్క క్షణం రేడర్‌షైట్ పక్కన నిలబడి ఆలోచించాలి. యాభై ఏళ్లు కాన్వాస్‌లు నింపిన చెయ్యి, ఇప్పుడు సగం బొమ్మ గీసి పూర్తయిందనుకుంటోంది. కాగితం మారలేదు, స్కేలు మారలేదు, నడిమధ్య గీత జరగలేదు. ధ్యాస జరిగింది, దానితో పాటే కావడి కింద భుజమూ జరిగింది. బొమ్మ కుదిరిందా లేదా అన్న తీర్పు మనం రేఖాగణితం నుంచి తెచ్చుకున్నది కాదని ఇంతకంటే దుఃఖంగా, ఇంతకంటే స్పష్టంగా ఏ ప్రయోగమూ చెప్పలేదు.

లెక్కలు ఒప్పుకోవడం లేదు కదా?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో క్రిస్ మెక్‌మానస్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో కళాత్మక ఫొటోల నలుపు తెలుపుల బరువుకు కేంద్రం ఎక్కడ పడుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టింది. ఆర్న్‌హైమ్ చెప్పినట్టు మంచి ఫొటోల్లో ఆ కేంద్రం నడుమకో, ప్రధాన అక్షాల మీదికో రావాలి. అలాంటి మద్దతు పెద్దగా దొరకలేదు. అంతకుముందు, 1993లో, మెక్‌మానస్ మరో ప్రయోగం చేశాడు. మాండ్రియన్ అసలు చిత్రాలను, గీతలు జరిపిన నకళ్లను పక్కపక్కన పెట్టి చూపితే జనం అసలును ఇష్టపడ్డారు కానీ, ఆ మొగ్గు చాలా స్వల్పం. అయితే సమతూకం అనేది ఒట్టి కబురేనా?

ఆ ఫలితాలను నమ్మాలి, వాటి హద్దునూ గమనించాలి. కంప్యూటర్ తూచింది నలుపును. డెగా పూలగుత్తిని అదే యంత్రంతో తూస్తే, ఆ స్త్రీ ముఖం కంటే బల్ల మీది నీడే ఎక్కువ తూగుతుంది. చూపు ఎటు వెళ్తోందో, కొండ పవిత్రమైనదో కాదో, భుజాన ఉన్నది శవమో మూటో యంత్రానికి తెలియదు. కూలిపోయింది ఒక సూత్రం మాత్రమే: బరువంటే నలుపు అనే సూత్రం. పైగా ఇది డిజైనర్లు విని నేర్చుకోవాల్సిన సంగతి. నడిగీతకు అటూ ఇటూ మచ్చలు లెక్కపెట్టి బొమ్మ కుదిరిందనుకోవడం ఎంత పొరపాటో ఈ పరిశోధనే చెబుతోంది. ఫోను కెమెరాలో మూడేసి గడుల గీతలుంటాయి. ఆ మూడో వంతు నియమాన్ని 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు రాసిపెట్టాడు. మొదటి అడుగుకు అది పనికొస్తుంది, అంతవరకే.

రెండో అభ్యంతరం ఇంకా ఆసక్తికరం: కన్ను తూస్తుందంటున్నారు, మరి అందరి కన్నూ ఒకేలా తూస్తుందా? తూయదు. 2000 సంవత్సరంలో వచ్చిన ఒక అధ్యయనంలో ఫ్రెంచివాళ్లకు, ఇజ్రాయెల్ వాళ్లకు ఒక్కో బొమ్మనూ దాని అద్దం ప్రతినీ చూపారు. ఎడమ నుంచి కుడికి చదివేవాళ్లు ఒకటి ఎంచుకుంటే, కుడి నుంచి ఎడమకు హీబ్రూ చదివేవాళ్లు రెండోదాని వైపు మొగ్గారు. జపాన్ బొమ్మల కథలను మొదట్లో ఇంగ్లిష్ పాఠకుల కోసం అద్దంలో తిప్పి అచ్చువేస్తే వీరులంతా ఎడమచేతివాటం వాళ్లైపోయారు, పరుగు వేగం కూడా మారిపోయిందని అభిమానులు గొడవపెట్టారు. హొకుసాయ్ కెరటానిదీ అదే సంగతి. కుడి నుంచి చదివే కంటికి ఆ బొమ్మలోని పడవలు కెరటానికి ఎదురెళ్తాయి, మన కంటికి కెరటమే ముందు మీద పడుతుంది. ఒకే వీధి బోర్డు మీద తెలుగు, ఉర్దూ కలిసి ఉండే హైదరాబాద్‌లో పనిచేసే డిజైనర్లకు ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. తెలుగు వాక్యం మొదలయ్యే కొసనే ఉర్దూ వాక్యం ముగుస్తుంది, ఒకరికి ముఖద్వారం అయినది మరొకరికి పెరటిదారి. ఇది కన్ను మీద పెట్టిన వాదనను బలహీనపరచదు, బలపరుస్తుంది. తూకం కొలతల్లోనే ఉండి ఉంటే లిపి మారితే అది మారకూడదు. అన్నట్టు, గీసింది కుదిరిందో లేదో తేల్చుకోవడానికి బొమ్మను అద్దంలో చూడమని లియొనార్డో తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. అలవాటుపడిన కంటికి దాక్కున్న ఒరుగు, తిప్పగానే బయటపడుతుంది.

నిండుగా ఉండటం తప్పా?

ఖాళీ గొప్పదనం ఇంతగా చెబితే మనవాళ్లు అడిగే మాట ఒకటుంది. ఖాళీ వదలడం జపాన్‌వాళ్ల అభిరుచో, చైనాలో పర్వతాన్ని ఒక మూలకే గీసి ‘ఒక మూల మా’ అనిపించుకున్న సాంగ్ యుగపు చిత్రకారుడు మా యువాన్ అభిరుచో కావచ్చు. మన గోపురం చూడండి, మన కలంకారీ చూడండి, అంగుళం ఖాళీ లేదు, అయినా అందంగా లేవా? ఉన్నాయి. ఈ మాటకు జవాబు సిద్దిపేట జిల్లా చేర్యాలలో దొరుకుతుంది. నకాషీ కళాకారులు గీసే చేర్యాల పటాల్లో మనుషులు, రథాలు, చెట్లు, ఆయుధాలు కిక్కిరిసి ఉంటాయి. కానీ వాటన్నిటి వెనక ఒకే ఎరుపు పరుచుకుని ఉంటుంది. ఆ ఎరుపులో నీడలు లేవు, దూరాలు లేవు, వివరాలు లేవు. జపాన్ కాగితంలో తెలుపు చేసే పనిని చేర్యాలలో ఎరుపు చేస్తుంది. పైగా పటం మొత్తాన్నీ ఒకేసారి చూడరు. కథకులు చుట్టను విప్పుతూ ఒక్కో పట్టీని చూపిస్తూ కథ చెబుతారు, పట్టీకీ పట్టీకీ మధ్య పూలతీగ అడ్డంగా కన్నుకు విశ్రాంతినిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నడుమ పెద్ద గడిలో దేవతామూర్తి, చుట్టూ చిన్న గడుల్లో కథ, గడుల అంచుల్లో తెలుగు రాతలు. ముందెక్కడ చూడాలో, తర్వాత ఎటు వెళ్లాలో కంటికి అయోమయం లేదు. నిండుగా ఉండటం వేరు, అన్నీ ఒకే గొంతుతో అరవడం వేరు. మన సంప్రదాయం మొదటిది చేసింది.

ఖాళీని నేరుగా వాడుకున్నవాళ్లూ మనలో తక్కువేం లేరు. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు కథలకు వేసిన బొమ్మల్లో జడ, చీర అంచు, వాలు చూపు కొన్ని గీతల్లో అయిపోతాయి, తక్కిన కాగితాన్ని అలాగే వదిలేస్తాడు. ఆయన ఆడమనిషి ఎటు చూస్తే అటు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో కథలో ఇంకా రాని మనిషిని పాఠకుడు ఊహించుకుంటాడు. పక్కనే రాసిన అక్షరాలు కూడా ఆ ఖాళీకి తగ్గట్టే పడతాయి. లక్షలమంది తెలుగు పాఠకులు ఆ బొమ్మల్ని గుండెకు హత్తుకున్నారు. కాబట్టి మనవాళ్లకు ఖాళీ నచ్చదు అనే మాటకు ఆధారం లేదు.

> కావాలని తూకం తప్పించినప్పుడు
> 1919లో రష్యా అంతర్యుద్ధ కాలంలో ఎల్ లిసిట్‌స్కీ చేసిన పోస్టర్‌లో ఎర్రటి ముక్కోణం ఒకటి తెల్లటి వృత్తంలోకి దిగబడుతుంది. బొమ్మంతా ఏటవాలు. చూసేవాళ్లను స్థిమితంగా నిలవనీయకపోవడమే దాని ఉద్దేశం. అందులో కూడా గుచ్చుకునే కొనకు ఎదురుగా వృత్తం బరువు ఉంది కాబట్టే ఆ దెబ్బ మనకు తగులుతుంది.

అడుగుకింత లెక్కలో ఓడిపోయింది ఎవరు?

ఇప్పుడు ఫ్లెక్సీ దగ్గరికి వస్తే, దాని లోపం సౌష్ఠవం లేకపోవడం కాదని తెలుస్తుంది. చాలా ఫ్లెక్సీలు అటూ ఇటూ సమానంగానే ఉంటాయి. ముప్ఫై ముఖాలు, ముప్ఫై జతల కళ్లు, అన్నీ చూసేవాళ్ల వైపే. ముఖం అన్నిటికంటే బరువైనదని చెప్పుకున్నాం. అన్ని కుండలూ నిండిపోయినప్పుడు బద్ద ఎక్కడ పట్టుకున్నా ఒకటే, భుజానికి నొప్పి ఒకటే. దీనికి షాపులో కుర్రాణ్ని తప్పుపట్టడం అన్యాయం. ఎవరి ఫొటో ఏ వరసలో, ఎంత పెద్దగా రావాలన్నది అభిరుచి కాదు, హోదా. ఫొటో చిన్నదైతే మనిషి చిన్నబుచ్చుకుంటాడు, ఊళ్లో మాటొస్తుంది. ఆ ఒత్తిడి నిజమైనదే. దానికి తోడు వినైల్ గుడ్డ ధర చదరపు అడుగుకింత అని కట్టడంతో ఖాళీ వదిలితే డబ్బు వృథా అయినట్టు తోస్తుంది. చేత్తో రాసే రోజుల్లో పరిస్థితి వేరు. గోడ మీదా బట్ట మీదా రాసే పెయింటర్ ముందు సుద్దదారంతో గీతలు కొట్టుకుని, నిచ్చెన దిగి, రోడ్డుకు అవతలి పక్కకు వెళ్లి చూసి మళ్లీ ఎక్కేవాడు. ఒక్కో ముఖం గీయడానికి గంటలు పట్టేది కనుక ముఖాలు తక్కువ, అక్షరాలు పెద్దవి, మధ్యలో జాగా మిగిలేది. ఆ పనితో పాటు, నిచ్చెన దిగి దూరం నుంచి చూసే అలవాటు కూడా మన వీధుల్లోంచి వెళ్లిపోయింది. కంప్యూటర్ తెరకు అడుగు దూరంలో కూర్చుని చేసిన బొమ్మను యాభై అడుగుల దూరం నుంచి చూడబోతున్నారు. తెర మీద దాన్ని తపాలాబిళ్లంత చేసి ఒక్కసారి చూస్తే చాలు, ఏది నిలుస్తుందో ఏది కరిగిపోతుందో పది సెకన్లలో తేలిపోతుంది.

ఫోన్లోని టెంప్లేట్ల ఇబ్బంది వేరే రకం. వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ అక్షరాలను మనసులో పెట్టుకుని చేసినవి. ఇంగ్లిష్ పదం చాలావరకు ఒక పట్టీలో సర్దుకుంటుంది. తెలుగు పదం అలా కాదు. ‘రాష్ట్రం’ అని రాస్తే పైన తలకట్టూ దీర్ఘమూ, కింద ఒకదాని కింద ఒకటిగా ఒత్తులు. ‘లక్ష్మీ’లో పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఇంగ్లిష్ టైటిల్‌కు వదిలిన జాగాలో ఈ మాటను పెడితే కింది ఒత్తు తర్వాతి వరసను గుద్దుకుంటుంది, లేదా సగం తెగిపోతుంది. దాంతో వాడేవాళ్లు అక్షరం సైజు తగ్గిస్తారు. టైటిల్ బరువు పడిపోతుంది, పక్కనున్న ఫొటో మింగేస్తుంది. శుభలేఖలో పెళ్లికూతురి పేరు కంటే పూలదండ పెద్దగా కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. ఏఐ గీసే బొమ్మల్లో కూడా మనిషి తరచూ నడిమధ్యకే వచ్చి నిలబడతాడు, చుట్టూ అలంకారం అటూ ఇటూ సరిసమానంగా చేరుతుంది. అడిగిన వెంటనే బాగుందనిపిస్తుంది, పది చూశాక అన్నీ ఒకటేననిపిస్తుంది.

చేయవలసిన పని పెద్ద సిద్ధాంతమేమీ కాదు. వరసకూ వరసకూ మధ్య జాగాను తెలుగు ఒత్తుల కొలతతో వదిలిన టెంప్లేట్లు కావాలి, వాటిని తెలుగు చదివే డిజైనర్లే చేయాలి. డీటీపీ నేర్పే కేంద్రాల్లో సాఫ్ట్‌వేర్ మీటలు నేర్పడానికి ముందు ఒక గంట చదరం, బిళ్ల, రంగు కాగితం ముక్కలు చేతికిచ్చి జరిపి చూడమనాలి. బడిలో డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయడం మానాలి. ముగ్గులో 169 చుక్కల ఆరు పక్కల ఆకారాన్ని నేల మీద పెట్టగలిగిన పిల్లకు, ఆ చుక్కల్లో కొన్నిటిని కావాలని వదిలేసి కుదిరేలా గీయమని చెబితే ఏం చేస్తుందో చూడాలి. అలాంటి పిల్లలకు, వాళ్లు చేసే మొదటి సినిమా పోస్టర్‌లో టైటిల్ కింది ఒత్తుకు చోటు ఎక్కడ వదలాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.